"వాళ్ళ భాష నీకెందుకు" అన్నారు, పిల్లాడు మాట్లాడ్డం మానేశాడు

ఈసారి ఉత్తరం అమెరికా నుంచి వచ్చింది, డల్లాస్ పక్కన ఒక సబర్బ్‌లో ఉండే తల్లి రాశారు. పేరు వద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం, ముఖ్యమైనవేవీ పోకుండా కుదించి చెప్తున్నా.

వాళ్ళ బాబుకి 13 ఏళ్ళు, ఎనిమిదో క్లాసు. ఈ ఏడాది స్పానిష్ వన్, అంటే మొదటి ఏడాది కోర్సు, తీసుకున్నాడు, మిడిల్ స్కూల్లోనే హైస్కూల్ క్రెడిట్ (కోర్సు పూర్తిచేసినట్టు లెక్క) ఒకటి వచ్చేస్తుంది. సాకర్ టీమ్‌లో సగం మంది ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలే, వాళ్ళతో తిరిగి తిరిగి క్లాసులో చెప్పేదానికంటే ఎక్కువే పట్టేశాడు. ఇప్పుడు తొమ్మిదో క్లాసుకి కోర్సులు ఎంచుకునే ఫారం ఇంటికొచ్చింది, గొడవ అక్కడ మొదలైంది. వాళ్ళాయన ఏమంటారంటే, ఈ దేశంలో ఇంగ్లీష్ వస్తే చాలు, మిగతాదానికి ఫోన్ ఉంది, టెక్సాస్‌లో కంప్యూటర్ సైన్స్ తీసుకుంటే హైస్కూల్ పూర్తవ్వడానికి కావాల్సిన రెండు లాంగ్వేజ్ క్రెడిట్లు తీరిపోతాయి, వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీయే భాషల డిపార్ట్‌మెంట్ ఎత్తేసింది, మనవాడికెందుకు అని. విజిట్‌కి వచ్చిన అత్తగారి బాధ ఇంకోటి, "తెలుగులో నాలుగు ముక్కలు తిన్నగా రావు, ఎవరి భాషో గడగడా మాట్లాడుతున్నాడు" అని రోజూ అంటున్నారట.

వీటన్నిటి మధ్య ఒక సంఘటన జరిగింది. వడగళ్ళ వానకి రూఫ్ పాడైతే మార్పించారు. సేల్స్ అతను ఇంగ్లీష్‌లో మాట్లాడి సంతకాలు పెట్టించుకుని వెళ్ళిపోయాడు, పని రోజు వచ్చినవాళ్ళకి ఇంగ్లీష్ అంతంతమాత్రం. పాత షింగిల్స్ పీకాక చూస్తే చిమ్నీ పక్కన ప్లైవుడ్ నల్లగా పుచ్చిపోయి వేలు పెడితే లోపలికి దిగిపోతోంది. వాళ్ళు అది ఫోటో తీసి చూపించి ఏదో చెప్పబోతుంటే వాళ్ళాయన "ఓకే ఓకే, గో అహెడ్" అంటున్నారు. బాబు బయటికొచ్చి వాళ్ళతో మాట్లాడి, "నాన్నా, ఈ చెక్క మార్చకుండా పైన కొట్టేస్తే మళ్ళీ కారుతుందంట, కంపెనీకి ఫోన్ చేసి మార్చమని చెప్పమంటున్నారు" అన్నాడు. వాళ్ళలో పెద్దాయన బాబు భుజం తట్టి, సాకర్‌లో ఏ పొజిషన్ ఆడతావు అని అడిగాడట, పిల్లాడి మొహం వెలిగిపోయింది. రాత్రి అన్నాల దగ్గర మాత్రం ఈయన, "రూఫింగ్ వాళ్ళతో మాట్లాడ్డానికా నిన్ను చదివిస్తోంది, వాళ్ళ భాష నీకెందుకు" అనేశారు. ఆ రోజు నుంచి బాబు ఇంట్లో స్పానిష్ ఎత్తడం లేదు. ఫారం ముందు పెడితే "మీ ఇష్టం" అంటున్నాడు.

"మా ఆయన చెడ్డవారు కాదక్కా, నరసరావుపేట దగ్గర పల్లెటూరు, పదో క్లాసు దాకా తెలుగు మీడియం, ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో ఇంగ్లీష్ రాక క్లాసులో నవ్వులపాలయ్యానని ఇప్పటికీ చెప్తారు. నేను చిత్తూరు పిల్లని, నాకు తమిళం ఎలా వచ్చిందో కూడా తెలీదు. నిజంగా ఈ దేశంలో ఇంకో భాష అవసరమా? ఆయన్ని ఎదిరించనా, సర్దుకుపోనా?" అని అడిగారు.

చెల్లీ, నీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయాయి, ముందు వాటిని విడదీద్దాం. ఒకటి ఫారం, రెండోది అన్నాల దగ్గర పడ్డ మాట. ఫారం సంగతి స్కూల్లో కోర్సుల సలహా ఇచ్చే కౌన్సిలర్‌తో మాట్లాడితే తేలుతుంది, తర్వాత మార్చుకోవడానికి కూడా కొంత టైమ్ ఇస్తారు. ఆ మాట మాత్రం పిల్లాడి లోపల కూర్చుంది. 13 ఏళ్ళ పిల్లాడు "మీ ఇష్టం" అన్నాడంటే ఇష్టం లేక కాదు, ఇష్టం చూపిస్తే మళ్ళీ ఏమంటారో అని. కాబట్టి ముందు నేను ఆ మాట గురించే మాట్లాడతా, క్రెడిట్లు తర్వాత.

మీ ఆయన మీద నాకు కోపం రాలేదు, నువ్వు రాసిన ఆ ఫస్టియర్ సంగతి చదివాక అసలు రాలేదు. ఇంగ్లీష్ కోసం ఆయన కట్టిన ఖరీదు మామూలుది కాదు. అవమానం పడి, రాత్రులు కూర్చుని, ఒక్కో మెట్టూ ఎక్కి ఇక్కడిదాకా వచ్చిన మనిషికి ఇంగ్లీష్ అంటే ఒడ్డు, ఒడ్డుకి చేరాక మళ్ళీ ఈత ఎందుకు అనిపిస్తుంది. అందులో తప్పులేదు. కానీ ఆ రోజు కాలేజీలో ఆయన్ని చూసి నవ్వినవాళ్ళు నవ్వింది తెలుగుని చూసి కూడా కాదు, తెలుగు మాత్రమే వచ్చిన పల్లెటూరి పిల్లాడిని చూసి. భాషని కించపరిచేవాళ్ళకి ఎప్పుడూ ఆ భాష మాట్లాడే మనుషులతోనే పేచీ. ఇప్పుడు ఆయన నోట వచ్చింది అదే మాట, ఈసారి అటువైపు నుంచి. ఇది ఆయనకి దెప్పినట్టు కాకుండా చెప్పగలిగిన మనిషివి నువ్వొక్కదానివే.

మీరుండే టెక్సాస్‌లోనే జరిగిన ఒక విషయం చెప్తా, వీలైతే ఆయనకీ చెప్పు. పశ్చిమ టెక్సాస్‌లో మార్ఫా అని చిన్న ఊరుంది. అక్కడ మెక్సికన్ కుటుంబాల పిల్లల కోసం విడిగా బ్లాక్‌వెల్ స్కూల్ అని నడిపారు, 1965 దాకా. బడిలో స్పానిష్ మాట్లాడితే చెక్క బద్దతో కొట్టేవాళ్ళు. 1954లో పిల్లలందరి చేతా కాగితం ముక్కల మీద రాయించి, వాటిని ఒక చుట్టల పెట్టెలో పెట్టించి, జెండా కర్ర దగ్గర గొయ్యి తీసి పాతిపెట్టించారు, "మిస్టర్ స్పానిష్" చచ్చిపోయాడు అని, ఉత్తుత్తి అంత్యక్రియలన్నమాట. ఎవరి ఇంట్లో అమ్మా నాన్నా ఏ భాషలో పిలుస్తారో ఆ భాషకి ఆ పిల్లల చేత్తోనే. 2022లో ఆ స్కూల్‌ని నేషనల్ హిస్టారిక్ సైట్ చేశారు, ఇలాంటిది జరిగిందని ఎవరూ మర్చిపోకూడదని. టెక్సాస్‌లో బడిలో ఇంగ్లీష్ కాక వేరే భాషలో పాఠం చెప్తే టీచర్ మీద కేసు పెట్టే చట్టం కూడా 1918 నుంచి 1969 దాకా ఉంది. అదే స్పానిష్ ఇవాళ అదే రాష్ట్రంలో కాలేజీ అడ్మిషన్ కోసం డాక్టర్ల పిల్లలూ ఇంజనీర్ల పిల్లలూ కష్టపడి చదువుతున్నారు. మీవాడు సాకర్ గ్రౌండ్‌లో తేలిగ్గా తెచ్చుకున్నాడు.

ఇక నీ అసలు ప్రశ్న, ఇంగ్లీష్ నడిచే దేశంలో ఇంకో భాష అవసరమా అని. బతకడానికి అయితే అవసరం లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. నీ కొడుకు స్పానిష్ లేకుండా చదువుతాడు, ఉద్యోగం చేస్తాడు, ఇల్లు కొంటాడు. స్పానిష్ వస్తే జీతం పెరుగుద్ది అని ఆయన్ని ఒప్పించబోకు, కోడింగ్ ముందు ఆ వాదన నిలబడదు, పైగా ఆ లెక్కలోకి దిగితే ప్రతి సబ్జెక్టుకీ ధర కట్టాల్సి వస్తుంది.

అవసరం వేరే చోట ఉంది. దేశమంతా ఒకే పెద్ద భాషలో నడిస్తే, ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్ళు ఎవరి కోసమూ ఒక్క అడుగు వెయ్యక్కర్లేదు, అవతలివాళ్ళే నడిచి రావాలి. అలా పెరిగిన పిల్లలకి తమ భాష రానివాళ్ళు తెలివితక్కువవాళ్ళలా కనిపిస్తారు, యాస వింటేనే ఒక అంచనాకి వచ్చేస్తారు. మీ ఆయనకీ నీకూ ఆఫీసుల్లో, ఫోన్లో కస్టమర్ కేర్ దగ్గర, ఈ అనుభవం అయ్యే ఉంటుంది. ఒక కొత్త భాషలో తడబడి, తప్పు మాట్లాడి, అవతలి మనిషి ఓపిగ్గా దిద్దితే మళ్ళీ చెప్పిన పిల్లాడు అలా తయారవ్వడు. ఇది ఎంత చదివినా పుస్తకంలోంచి రాదు, మాట్లాడి తప్పులు చేస్తేనే వస్తుంది. అమెరికాలో స్కూల్ పిల్లల్లో సుమారు 20 శాతం మందే ఇంకో భాష చదువుతున్నారని 2017లో అమెరికన్ కౌన్సిల్స్ అనే సంస్థ సర్వే చెప్పింది. ఇంగ్లండ్‌లోనూ 2004లో 14 ఏళ్ళు దాటిన పిల్లలకి భాష తప్పనిసరి కాదన్నారు, కొన్నేళ్ళలోనే చాలామంది మానేశారు. సులువుగా వదిలేసే వీలుంటే అందరూ వదిలేస్తారు, అంతమాత్రాన అది పనికిరానిదైపోదు.

ఫోన్ ఉంది కదా అన్నదానికి మీ ఇంటి చిమ్నీయే సమాధానం. ఆ రోజు మీ ఆయన జేబులో ఫోన్ ఉంది. అయినా తీసి ట్రాన్స్‌లేట్ చెయ్యాలని ఆయనకి తోచలేదు, ఎందుకంటే అవతలివాళ్ళు చెప్పేదాంట్లో వినాల్సింది ఉందని అనిపించలేదు. ముందు అది అనిపించాలి, ఫోన్ తర్వాత. మెనూ కార్డుకీ రోడ్డు మీద బోర్డుకీ ఫోన్ బ్రహ్మాండంగా పనికొస్తుంది, నేనూ వాడతా. కానీ ఆ పెద్దాయన భుజం తట్టి ఏ పొజిషన్ ఆడతావు అని అడిగింది ఫోన్‌ని కాదు.

వెస్ట్ వర్జీనియా సంగతి నిజమే. 2023లో సుమారు 4.5 కోట్ల డాలర్ల లోటు అని చెప్పి ఆ యూనివర్సిటీ విదేశీ భాషల డిగ్రీలన్నీ ఎత్తేసింది, విద్యార్థులు క్లాసులు వదిలి బయటికొచ్చి గొడవ చేశారు కూడా. దేశం మొత్తం మీద చూసినా కాలేజీల్లో భాషలు చదివేవాళ్ళు 2016 నుంచి 2021కి 16 శాతం పైనే తగ్గారు. ఇది ఆ కాలేజీల డబ్బు కథ. బయట జనం ఆ భాష మాట్లాడ్డం ఆపలేదుగా. 2025 మార్చిలో ఇంగ్లీషే అధికార భాష అని ప్రెసిడెంట్ ఆర్డర్ వచ్చింది, అయినా ఆ దేశంలో 4 కోట్ల మందికి పైగా ఇంట్లో స్పానిష్ మాట్లాడుతున్నారు, అందులో మీ టెక్సాస్‌ది పెద్ద వాటా. దాన్ని విదేశీ భాష అనడమే నాకు సరిగా అనిపించదు, 1836 దాకా ఆ నేల మెక్సికోదే కదా.

ఇప్పుడు ఫారం. నా లెక్కలో నీ ముందు నాలుగు దారులున్నాయి, ఒక్కోదానికీ లాభం నష్టం ఉన్నాయి, నిర్ణయం మీ ముగ్గురిదీ.

మీ ఆయన చెప్పినట్టు స్పానిష్ ఆపేసి కంప్యూటర్ సైన్స్‌తో ఆ క్రెడిట్లు తీర్చొచ్చు, టెక్సాస్ గ్రాడ్యుయేషన్ రూల్స్ దానికి ఒప్పుకుంటాయి. కాకపోతే రెండు క్రెడిట్లూ కంప్యూటర్‌లోనే తెచ్చుకోవాలి, ఇప్పుడు వచ్చే స్పానిష్ వన్ ఊరికే ఎలెక్టివ్‌గా, అంటే ఐచ్ఛిక సబ్జెక్టుగా, మిగిలిపోతుంది. పైగా, రాష్ట్రం ఒప్పుకున్నంత మాత్రాన కాలేజీలన్నీ ఒప్పుకోవు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకి ఇంగ్లీష్ కాని భాష 2 ఏళ్ళు ఉండాలి, 3 ఉంటే మేలంటారు, కోడింగ్‌ని భాష కింద లెక్కపెట్టరు. హార్వర్డ్ లాంటి చోట ఒకే భాష నాలుగేళ్ళు చదవమని సలహా ఇస్తారు. పదో క్లాసుకొచ్చేసరికి వాడి మనసు ఎటు పోతుందో ఇప్పుడెవరికీ తెలీదు, ఈ దారిలో వెళ్తే కొన్ని తలుపులు ముందే మూసుకుపోతాయి. ఆ సంగతి తెలిసి కూడా ఇదే కావాలనుకుంటే తీసుకోండి.

రెండో దారి, ఇంకొక్క ఏడాది స్పానిష్ టూ చదివించి రెండు క్రెడిట్లు అయ్యాయనిపించి వదిలెయ్యడం. అందరూ చేసేది ఇదే, నాకు అన్నిటికంటే నచ్చనిదీ ఇదే. రెండేళ్ళకి క్రియల పట్టికలు బట్టీ పట్టడం అవుతుంది, టెస్టులు రాయడం అవుతుంది, సరిగ్గా మాట వచ్చే సమయానికి పుస్తకం మూసేస్తారు. ఓ పదేళ్ళు పోయాక "స్కూల్లో చదివాను గానీ ఏమీ గుర్తులేదు" అంటారు, భాషలు నేర్పడం దండగ అనే నమ్మకం సగం అక్కడ పుట్టిందే. మీవాడి కేసులో ఒక్క తేడా, సాకర్ ఫ్రెండ్స్ ఉన్నారు కాబట్టి పూర్తిగా పోకపోవచ్చు, వాళ్ళు ఉన్నన్నాళ్ళు.

మూడోది, తొమ్మిదిలో స్పానిష్ టూ, పదిలో త్రీ, పదకొండులో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) స్పానిష్. దాంతోపాటే కంప్యూటర్ సైన్స్‌ని ఎలెక్టివ్‌గా పెట్టొచ్చు, ఒకటి తీసుకుంటే ఇంకోటి పోవాలని ఎక్కడా లేదు, ఈ గొడవలో మీ ఇద్దరూ అది మర్చిపోయారు. ఆ అడ్వాన్స్‌డ్ పరీక్షలో 3 ఆ పైన వస్తే టెక్సాస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో మామూలుగా కాలేజీ క్రెడిట్ ఇస్తారు, ఆ మేరకు ఫీజు మిగులుతుంది, ఈ ముక్క మీ ఆయనకి నచ్చుతుంది. రెండు భాషల్లో బాగా చేసిన పిల్లలకి ట్రాన్స్‌క్రిప్ట్ మీద టెక్సాస్ ప్రత్యేక గుర్తింపు కూడా వేస్తుంది. నష్టం ఏంటంటే టైమ్. సాకర్, ఆర్ట్, ఇంకో సైన్స్ క్లాసు, ఏదో ఒకటి తగ్గించుకోవాల్సి రావచ్చు, హోంవర్క్ పెరుగుతుంది, జీపీఏ (మార్కుల సగటు) మీద భయం ఉంటుంది. పిల్లాడికి ఇష్టం ఉంటేనే ఈ దారి, బలవంతాన నాలుగేళ్ళ భాష నడవదు. నన్నడిగితే, మీవాడు ఇప్పుడున్న చోటు నుంచి చూస్తే, నా మొగ్గు ఇటే.

నాలుగోది తెలుగు. కొన్ని స్కూల్ డిస్ట్రిక్ట్‌లు పరీక్ష పెట్టి స్కూల్లో చెప్పని భాషలకి కూడా క్రెడిట్ ఇస్తాయి, తెలుగులో అలాంటి పరీక్షలున్నాయి. మీ కౌన్సిలర్‌ని "క్రెడిట్ బై ఎగ్జామ్ తెలుగుకి ఉందా" అని సూటిగా అడుగు. కాలిఫోర్నియాలో అయితే అక్కడి పిల్లలకి తెలుగు నేర్పే సిలికానాంధ్ర మనబడి చదువుని భాషా క్రెడిట్‌గా తీసుకున్న డిస్ట్రిక్ట్‌లు కూడా ఉన్నాయి. అయితే క్రెడిట్ కోసం తెలుగు పెట్టి స్పానిష్ తీసెయ్యడం మాత్రం వద్దు, అప్పుడు పిల్లాడికి తెలుగు శిక్షలా కనిపిస్తుంది, అత్తగారు గెలిచినట్టు అవుతుంది, తెలుగు ఓడిపోతుంది.

అత్తగారి బాధ మాత్రం చిన్నది కాదు, కొట్టిపారెయ్యకు. మనవడి దగ్గర కూర్చుంటే మాట కలవకపోవడం ఆ వయసులో చాలా పెద్ద కష్టం. ఆమెకి ఒక్క సంగతి చెప్పు. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకి భాషలు నేర్పుతుంది, వాళ్ళ లెక్క ప్రకారం ఇంగ్లీష్ వాళ్ళకి స్పానిష్ తేలిక భాషల గుంపులో ఉంటే తెలుగు కష్టమైన భాషల్లో ఉంది, దాదాపు 44 వారాలు, రోజంతా అదే పనిగా చదవాలి. ఆ 44 వారాల్లో చాలా భాగం మీవాడు పుట్టినప్పట్నుంచి చెవుల్లో పడుతూనే నడిచిపోయింది. అన్నీ అర్థమవుతాయి, జవాబు ఇంగ్లీష్‌లో వస్తుంది, అంతేగా? అది రాకపోవడం కాదు, నోరు తిరక్కపోవడం. సాకర్ పిల్లలు వాడి తప్పులకి నవ్వలేదు కాబట్టి స్పానిష్ వచ్చింది. తెలుగులో నోరు తెరిస్తే ఇంట్లో అందరూ యాస దిద్దుతారు, నవ్వుతారు, చుట్టాలకి ఫోన్లో చెప్తారు. ఆవిడ ఉన్నన్ని రోజులూ దిద్దకుండా మాట్లాడించమను, ఆవకాయ కలపడమో పేకాటో ఏదైనా సరే చేతిలో పని ఉంటే మాట అదే వస్తుంది. ఒక భాష వస్తే ఇంకోటి పోతుందన్న భయం అక్కర్లేదు, నీ తమిళం నీ తెలుగుని తినేసిందా? హైదరాబాద్ పాతబస్తీలో తెలుగువాళ్ళ ఉర్దూ, బరంపురం తెలుగువాళ్ళ ఒడియా, బళ్ళారి వాళ్ళ కన్నడం, మనవాళ్ళు ఎప్పుడూ రెండు మూడు భాషల మధ్యే బతికారు.

ఎదిరించనా సర్దుకోనా అన్నావు, ఆ రెండూ వద్దు. ఆయనతో పిల్లాడు లేనప్పుడు మాట్లాడు. కోర్సుల ఊసు ఎత్తకు. ఫస్టియర్‌లో నవ్వినప్పుడు నీకెలా అనిపించింది అని అడిగి వినేసి, ఆ రాత్రి నుంచి వాడు స్పానిష్ మాట్లాడ్డం లేదని చెప్పు, అది ఆయన గమనించి ఉండరు. ఆయన వెళ్ళి సారీ చెప్పాలని పట్టుబట్టకు, మన నాన్నలకి ఆ మాట నోటికి రావడం కష్టం, వచ్చినా పిల్లాడికి ఇబ్బందే. ఆ చిమ్నీ చెక్క సంగతి నువ్వు చెప్పకపోతే మళ్ళీ రూఫ్ కారేది అని వాడితో ఒక్కసారి అంటే చాలు. ఆయన అది అనడానికి కూడా ఒప్పుకోకపోతే, అప్పుడు నువ్వే ఆయన ఎదురుగా బాబుతో అను, చాటుగా మాత్రం కాదు, చాటుగా అంటే నాన్నకి తెలీకుండా దాచుకోవాల్సిన విషయం అయిపోతుంది.

ఇంకో జాగ్రత్త. రేపు ఆయన మెత్తబడ్డాక, ప్రతి పనికీ వాణ్ణి పిలిచి "వాళ్ళకిది చెప్పరా" అని దుబాసీ చెయ్యొద్దు. హాస్పిటల్‌లో, లాయర్ల దగ్గర పిల్లల చేత అనువాదం అసలు చేయించకూడదు, హాస్పిటళ్ళు ఇంటర్‌ప్రిటర్‌ని ఇవ్వాలని అక్కడ ఫెడరల్ రూల్సే ఉన్నాయి.

కౌన్సిలర్ మీటింగ్‌కి ముగ్గురూ వెళ్ళండి, మాట్లాడేది ముందు బాబునే మాట్లాడనివ్వండి. మూడు విషయాలు అడిగి రాసుకోండి: స్పానిష్, కంప్యూటర్ సైన్స్ రెండూ ఒకే ఏడాది టైమ్‌టేబుల్‌లో పడతాయా, స్పానిష్ టూ నచ్చకపోతే ఏ తేదీలోపు మార్చుకోవచ్చు, తెలుగు పరీక్ష ఎప్పుడు, ఎంత స్కోరు రావాలి. జవాబులు వచ్చాక ఫారం వాడి చేతికే ఇచ్చి నింపమనండి. వాడు నిజంగానే కంప్యూటర్ ఒక్కటే రాస్తే, అది భయంతో రాసిందా ఇష్టంతో రాసిందా అని ఒక్కసారి అడుగు, ఇష్టమే అంటే సంతకం పెట్టెయ్.